రేటు తగ్గించొద్దు, పని తగ్గించండి

(కడపలో ఫొటోగ్రాఫర్లు, డీటీపీ డిజైనర్లు, వీడియో ఎడిటర్లు, చిత్రకారులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండప్పా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరుసలో కూర్చుంటే ఫీజేమీ తీసుకోం.

సరే, మొదలుపెడదాం. మీలో ఎంతమంది రోజుకు మీకు పడే ఖర్చు లెక్కేసుకున్నారు? స్టూడియో అద్దె కాదు, కెమెరా కిస్తీ కాదు. మీరు ఒక రోజు పని చేయడానికి మీకు ఎంత పడుతుంది? చేతులెత్తండి చూద్దాం. ఒకటి, రెండు... మూడు. ఇంతమందిలో ముగ్గురు. పర్వాలేదు, మామూలుగా ఒక్కరు కూడా ఎత్తరు.

మరి ఇన్నాళ్లూ రేటు ఎలా చెప్తున్నారు? పక్క వీధి స్టూడియోవాడు ఎంత చెప్పాడో కనుక్కుని, దాంట్లో ఐదు వేలు తగ్గించి చెప్తున్నాం. అవునా కాదా? నవ్వొద్దు, అదే చేస్తున్నాం. ఆ పక్క వీధివాడు ఎలా చెప్పాడు? మన రేటు కనుక్కుని, దాంట్లో ఐదు వేలు తగ్గించి చెప్పాడు. ఇట్లా ఇద్దరూ కలిసి బావిలోకి దిగుతా ఉన్నారు. తాడు మాత్రం పైన ఎవరూ పట్టుకోలేదు.

లెక్క చేద్దాం. సెల్‌ఫోన్లు తీయండి, క్యాలిక్యులేటర్ తెరవండి. నేను చెప్పే అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. కడపలో ఒక చిన్న స్టూడియో అనుకుందాం. ఇంటికి నెలకు 30 వేలు కావాలి, ఏడాదికి 3,60,000. గది అద్దె నెలకు 8 వేలు, ఏడాదికి 96,000. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్ నెలకు 3 వేలు, ఏడాదికి 36,000. ఇంతవరకు అందరూ వేస్తారు.

ఇక్కడే మరిచిపోయేది ఒకటి ఉంది. కెమెరా బాడీ 1,80,000, రెండు లెన్సులు 1,20,000, కంప్యూటర్ లక్ష, లైట్లూ స్టాండ్లూ కలిపి 40 వేలు. మొత్తం 4,40,000. ఇవి ఎన్నాళ్లొస్తాయి? నాలుగేళ్లు అనుకోండి. ఐదో ఏట కొత్తవి కొనాల్సిందే. అంటే ఏడాదికి 1,10,000 కెమెరా అరిగిపోతోంది. అది కిస్తీ కాదు, గమనించండి. కిస్తీ అయిపోయినా అరుగుదల ఆగదు. కిస్తీ అయిపోయిన రోజు నుంచి ఆ డబ్బు పక్కన వేయకపోతే కొత్త కెమెరాకు మళ్లీ వడ్డీకే పోవాలి. ఇంకా హార్డ్ డిస్కులు, సాఫ్ట్‌వేరు, రిపేర్లు, ఇన్సూరెన్సు కలిపి ఏడాదికి 40 వేలు. అన్నీ కూడితే? 6,42,000. దాని మీద పది శాతం చేదు కాలానికి వేసుకోండి. దాదాపు 7,06,000.

ఇప్పుడు దీన్ని ఎన్ని రోజులతో భాగించాలి? 365 అంటారా? 300 అంటారా? చాలామంది 300తో భాగించి, రోజుకు 2,400 చాలులే అనుకుంటారు. పొరపాటు అక్కడే. 300 రోజులు షాపు తెరుస్తారు, నిజమే. కానీ డబ్బొచ్చే పని ఎన్ని రోజులు చేస్తారు? రేటు అడగడానికి వచ్చి పోయేవాళ్లతో మాట్లాడటం, ప్రొద్దుటూరు పోయి పార్టీని, అంటే పని ఇచ్చేవాళ్లను, కలిసి రావడం, ల్యాబు చుట్టూ, ప్రెస్సు చుట్టూ తిరగడం, బాకీ వసూళ్లు, కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకోవడం. వీటికెవరూ డబ్బివ్వరు. ఫొటోగ్రాఫర్లకైతే ఇంకోటి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లుండవు. గురు మూఢమి, శుక్ర మూఢమి వస్తే అవీ పోయినట్టే. కొత్త పంచాంగం రాగానే మనం మొదట చూడాల్సింది రాశి ఫలాలు కాదు, ముహూర్తాల పేజీ. ఎన్ని ముహూర్తాలున్నాయో లెక్కపెట్టి, దాన్నిబట్టే ఆ ఏడాది రేటు కట్టుకోవాలి. మంచి ఏడాది అయినా, డబ్బొచ్చే పనిరోజులు 150 మించవు. ఎడిటింగు, ఆల్బమ్ డిజైనింగు కలిపే చెప్తున్నా.

7,06,000ని 150తో భాగించండి. ఎంతొచ్చింది? 4,700 పైన. ఇది మీ రోజు ఖర్చు. లాభం కాదు, గొప్ప కాదు. ఇంతొస్తే స్టూడియో తెరిచి ఉంటుంది, పిల్లల ఫీజు కట్టగలుగుతారు, అంతే. ఇంటి ఖర్చూ ఆ పది శాతమూ తీసేసి, ఒక్క అద్దె, కరెంటు, అరుగుదల, డిస్కులు మాత్రమే చూస్తే 2,82,000. దాన్ని 150తో భాగిస్తే రోజుకు 1,880. ఈ 1,880 అంకె గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరికి.

ఇప్పుడొక పెళ్లి తీసుకుందాం. మైదుకూరు పెళ్లి. పార్టీ ఫోన్ చేసి ఏమంటారు? "ఒక్క రోజు పెళ్లేన్నా, ఎంత తీసుకుంటావు?" ఒక్క రోజు! పొద్దున నలుగు ఉంటుంది, మూడు గంటలు. సాయంత్రం ఆరింటికి రిసెప్షన్, భోజనాల దాకా, అయ్యేసరికి పదకొండు. ముహూర్తం ఎన్నింటికి? తెల్లవారుజాము మూడూ నలభైకి. తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేసరికి పొద్దున పదిన్నర. క్యాలెండరులో ఒక్క రాత్రి, మీ ఒంట్లో రెండు పగళ్లూ ఒక రాత్రీ. అందుకే రేటు చెప్పకముందే అడగండి: ఏయే ఫంక్షన్లు, ఏ టైముకు మొదలు, ఏ టైముకు అయిపోతుంది, అన్నింటికీ ఒకే మండపమా. ఇవి రాసుకోకుండా అంకె చెప్పినవాళ్లు పెళ్లిలో మూడో గంట నుంచి మనసులో తిట్టుకుంటా తిరుగుతారు. ఫొటోల్లో ఆ కోపం కనపడుతుంది కూడా.

ఆ పెళ్లికి చేతి నుంచి పోయేదెంత? ఇంకో ఫొటోగ్రాఫరుకు 5 వేలు, వీడియోకు 5 వేలు, డ్రోన్ మనిషికి 6 వేలు, కారుకు 3 వేలు. పుస్తకంలా అచ్చేసే రెండు కరిజ్మా ఆల్బమ్‌లు, ఒక్కోటి 7 వేలు అనుకుంటే 14 వేలు. హార్డ్ డిస్కు, పెన్‌డ్రైవులు 2 వేలు. మొత్తం 35 వేలు మీ జేబులోకి రాకుండానే పోతుంది. మీ రోజులు? షూటింగు రెండు, ఫొటోలు ఏరి కలరు సరిచేయడం రెండు, ఆల్బమ్ డిజైనింగు రెండు, వీడియో ఎడిటింగు మూడు, మాటలకూ రాకపోకలకూ ఒకటి. పది రోజులు. పది రోజులకు 47 వేలు. 35, 47 కలిపితే 82 వేలు. రేటు 85 చెప్తాం అనుకోండి.

పార్టీ ఏమంటారు? "యాభైకి చేస్తాండారన్నా ఆడ." నిజంగానే చేస్తున్నారు, అబద్ధం కాదు. మీరూ సరేనని 50కి ఒప్పుకున్నారు. 35 వేలు పోగా మీకు 15 వేలు. పది రోజులు. రోజుకు 1,500. ఇప్పుడు ఆ 1,880 గుర్తుందా? అద్దెకూ కెమెరా అరుగుదలకే రోజుకు 1,880 కావాలి. మీకొచ్చింది 1,500. రోజుకు 380 మీరే ఎదురిచ్చారు. పది రోజులకు 3,800. అంటే పది రోజులు నిద్ర చెడగొట్టుకుని పని చేసి, పెళ్లికి 3,800 చదివించి వచ్చారన్నమాట. కవరు మీద పేరు కూడా రాయలేదు పాపం.

కాబట్టి పార్టీ దగ్గర అంత డబ్బు లేకపోతే ఏం చేయాలి? రేటు తగ్గించొద్దు. పని తగ్గించండి. మళ్లీ చెప్తున్నా. రేటు తగ్గించొద్దు, పని తగ్గించండి. 65 వేలే ఉందన్నారా? మంచిది. డ్రోన్ తీసేద్దాం, 6 వేలు పోయింది. రెండో ఆల్బమ్ వద్దు, 7 వేలు పోయింది. నలుగు మీ తమ్ముడు ఫోన్లో తీసుకుంటాడు, మేము సాయంత్రం రిసెప్షన్ నుంచి వస్తాం, 7 వేలు పోయింది. 85లో 20 పోయి 65. ఇప్పుడు బేరం మీ కష్టం మీద నడవడం లేదు, డ్రోన్ మీద నడుస్తోంది. చాలాసార్లు ఏమవుతుందో తెలుసా? పెళ్లికూతురి తల్లి అంటుంది, "రెండో ఆల్బమ్ లేకపోతే ఎట్లా, వియ్యాలవారికి ఏమిస్తాం?" అని. ఏడు వేలు వెనక్కి వచ్చేస్తుంది. బేరం ఆడిన బావమరిది ఏమీ అనలేడు.

అట్లాగని ఏమీ తీయకుండా ఉత్తినే ఐదు వేలు తగ్గిస్తే? పార్టీకి ఏమర్థమవుతుంది? మొదట చెప్పిన రేటులో ఐదు వేలు గాలి ఉందని అర్థమవుతుంది. ఇంకెంత గాలి ఉందోనని ఇంకో ఐదు అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు.

చుట్టాల సంగతి ఏంటని అక్కడెవరో అడుగుతున్నారు. వస్తున్నా, వస్తున్నా. మన ఊళ్లలో సగం పని చుట్టాలదే కదా. "మనోళ్లే కదప్పా, నువ్వు కూడా లెక్క పెడితే ఎట్లా?" దీనికి జవాబు కాదనడం కాదు, అంటే తగాదా వస్తుంది. బిల్లు పూర్తిగా రాయండి. 85,000. దాని కింద ఇంకో లైను. చదివింపు: 10,000. దాని కింద, ఇవ్వవలసింది: 75,000. అంతే. మామూలుగా పెళ్లిలో మీరు చదివించేదే, ముందే చదివించారు. వాళ్లకు గౌరవం, మీకు గౌరవం. ఇంకోటి ముఖ్యం: రేపు వాళ్లింట్లో పెళ్లి ఆల్బమ్ చూసినవాడు "ఎంత తీసుకున్నాడు?" అని అడిగితే, కాగితం మీద 85 కనపడుతుంది. 75 అని చెప్పుకోరు, అంత పెద్ద మనిషి మనకు తగ్గించాడని చెప్పుకుంటారు. చదివింపు లేకుండా నేరుగా 75 రాస్తే, ఊరంతా మీ రేటు 75 అయిపోతుంది. పెళ్లి రోజు మళ్లీ విడిగా కవరు ఇవ్వొద్దు మరి!

"ఇది చేసిపెట్టు, ఇంకా పది పెళ్లిళ్లు ఇప్పిస్తా" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక్కటే మాట. "సంతోషం సార్. పదో పెళ్లికి తగ్గిస్తా." నవ్వుతా చెప్పండి, కోపంగా కాదు.

అంకె చెప్పే తీరు గురించి కూడా ఒక మాట. మన ఇబ్బంది ఏంటంటే, "ఎనభై ఐదు" అని చెప్పి ఊరుకోలేం. చెప్పిన రెండో క్షణం నుంచే "అంటే సార్, రెండు ఆల్బమ్‌లు కూడా ఉన్నాయి కదా, కావాలంటే చూద్దాం, మీరు ఎంత అనుకుంటున్నారు..." ఎవరూ అడగకుండానే మనతో మనమే బేరం మొదలుపెడతాం. అంకె చెప్పాక నోరు మూసుకోండి. ఎదుటివాడు ఆలోచిస్తున్నాడు, ఆలోచించనివ్వండి. టీ గుక్కెడు తాగండి. ఐదు క్షణాలు అరగంటలా ఉంటుంది, ఉండనివ్వండి. మొదట మాట్లాడేది వాళ్లే కావాలి. ఇంకోటి: డబ్బు ఎవరు ఇస్తారో వాళ్లు లేకుండా అంకె చెప్పొద్దు. పెళ్లికొడుకు స్నేహితుడితో గంట బేరమాడి ఖాయం చేసుకుంటే, నాన్న వచ్చి మొదటి నుంచి బేరం మొదలుపెడతాడు. అప్పటికి మీరు తగ్గించినదంతా ఆయనకు ఆరంభం.

డబ్బు ఎప్పుడు తీసుకోవాలి? ఇక్కడే ఎక్కువమంది మునిగేది, అందుకే దీని మీద కాస్త నిలబడతా. మన అలవాటు ఏంటి? బయానా ఐదు వేలు, మిగతాది ఆల్బమ్ ఇచ్చినప్పుడు. ఆల్బమ్ ఎప్పుడు ఇస్తాం? పార్టీ ఫొటోలు ఏరి ఇచ్చాక. నాలుగు వేల ఫొటోలు పెన్‌డ్రైవులో ఇచ్చి "ఏరుకోండి" అంటాం. పెళ్లికూతురు బెంగళూరుకు పోయింది, పెన్‌డ్రైవు మైదుకూరులో అత్తగారి బీరువాలో ఉంది. ఆర్నెల్లు. ఎనిమిది నెలలు. కడుపుతో ఉంది, పుట్టింటికి వచ్చాక చూస్తామంటారు. పాప పుట్టి బారసాల ఫొటోలకు మిమ్మల్నే పిలుస్తారు, పెళ్లి ఆల్బమ్ డబ్బు ఇంకా రాలేదు! ఉన్నదే చెప్తున్నానా లేదా?

తప్పు పార్టీదా? కాదు. మీ డబ్బును వాళ్ల తీరికకు కట్టేశారు, మీదే తప్పు. డబ్బును ఆల్బమ్‌కు కాదు, తేదీకి కట్టండి. 85 వేలకు 30 శాతం బుకింగు రోజు, 25,500. 50 శాతం రిసెప్షన్ సాయంత్రం, కెమెరా బ్యాగు తెరవకముందు, 42,500. చేతిలో లేదంటే ఫోన్‌పే ఉంది కదా. 20 శాతం, 17,000, ఆల్బమ్ డిజైను చూపించిన రోజు, ప్రింటుకు పంపకముందు. ఆ చివరి దానికి ఒక షరతు రాయండి: ఫొటోలు ఇచ్చిన 30 రోజుల్లో ఏరి ఇవ్వాలి, ఇవ్వకపోతే మేమే ఏరి డిజైను చేస్తాం, 60వ రోజుకు మిగతా డబ్బు ఇవ్వాలి. ఇంకోటి, నాలుగు వేలు ఇవ్వొద్దు. ఏరి ఆరు వందలు ఇచ్చి, నూట యాభై ఎంచుకోమనండి. ఏరడం కూడా మీ పనే, దానికే రెండు రోజులు లెక్కేసుకున్నాం కదా ఇందాక.

పెళ్లి రోజుకు మీ చేతిలో 68 వేలు ఉంటుంది. పైవాళ్లకు ఇవ్వాల్సిన 35 వేలు అప్పు చేయకుండా ఇచ్చేస్తారు. "పెళ్లి కాకముందే డబ్బు అడుగుతావా?" అంటారు. అనండి, మండపంవాడికి ముందే ఇచ్చారు కదా, వంటవాళ్లకు ముందే ఇచ్చారు కదా. సురభి నాటకం మన జిల్లాలోనే, సురభి అనే ఊళ్లోనే 1885లో పుట్టిందని అందరికీ తెలుసు. నాటకానికి టికెట్టు ఎప్పుడు తెంపుతారు? తెర లేవకముందా, మంగళం పాడాకా?

బయానా తిరిగిస్తారా అని అడుగుతారు. ముహూర్తం మారితే, కొత్త తేదీ మీకు ఖాళీగా ఉంటే ఆ డబ్బు అక్కడికి మార్చండి. ఇంట్లో మైల వచ్చి వాయిదా పడితే మాట పెరక్కుండా మార్చండి, అప్పుడు లెక్కలు మాట్లాడటం బాగుండదు. కానీ పెళ్లే మానుకుంటే, వేరేవాళ్లను పెట్టుకుంటే, తిరిగి ఇవ్వరని ముందే రాసి ఉండాలి. ఎందుకంటే వైశాఖంలో ఒక మంచి ముహూర్తం మీరు ఒక్కరికే అమ్మగలరు. ఆ తేదీకి నలుగురిని కాదని పంపించారు.

ఎలక్షన్ పనుల గురించి రెండు ముక్కలే. పాటలు, ఫ్లెక్సీలు, వీడియోలు, ఏ పార్టీదైనా సరే, నూటికి నూరు ముందే. గెలిస్తే మనిషి దొరకడు. ఓడితే అడగడానికి మనకే మొహం చెల్లదు.

ఇప్పుడు డిజైనర్ల దగ్గరికొస్తా. ఫ్లెక్సీ షాపుల్లో ఏం నడుస్తోంది? చదరపు అడుగు ఇంత అని రేటు. పది అడుగుల ఇంటు ఎనిమిది, 80 అడుగులు. అడుగు 12 రూపాయలైతే 960. డిజైను? డిజైను ఫ్రీ! మూడు గంటలు కూర్చుని, ఇరవై మంది నాయకుల ఫొటోలు కట్ చేసి, ఎవరి తల ఎవరి తల కంటే పెద్దగా ఉండకూడదో చూసి, అదంతా ఫ్రీ. బిల్లులో డిజైను లైను విడిగా లేకపోతే, మీ పనికి విలువ లేదని మీరే ముద్ర కొట్టిచ్చినట్టు. 960 అలాగే ఉంచండి, దాన్నే రెండు లైన్లుగా విడగొట్టండి, ప్రింటింగు ఇంత, డిజైను ఇంత. మొదటి రోజు డిజైను 150 అనే రాయండి, పర్వాలేదు. లైను ఉంటే రేపు పెంచొచ్చు. లేని లైనును పెంచలేం.

లోగో వేరే కథ. ప్రొద్దుటూరులో బంగారం అంగడికి లోగో అనుకోండి. అంగడికి పోయి చూసి రావడం, మూడు స్కెచ్‌లు, ఎంచుకున్నదాన్ని చెక్కడం, తెలుగు అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు, రంగు. ఆరు రోజులు. ఇందాకటి లెక్కన 28,200. ఇది నేల. నేల కింద నిలబడలేం. కానీ ఆ లోగో ఎక్కడెక్కడ పోతుంది? బోర్డు మీద, బిల్లు పుస్తకం, సంచులు, నగల పెట్టెలు, కేబుల్ యాడ్. పదేళ్లు ఉంటుంది. చిన్న బజ్జీల బండికీ బంగారం అంగడికీ అదే ఆరు రోజులే పట్టొచ్చు, అయినా రేటు ఒకటే కానక్కర్లేదు. వాడుక ఎంత ఉందో అడిగి, దాన్నిబట్టి 45 చెప్తారో 60 చెప్తారో మీ ధైర్యం.

ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. కాపీరైట్ చట్టం 1957. దాంట్లో 17వ సెక్షను. బొమ్మ గీసినవాడే మొదటి హక్కుదారు. కానీ ఫొటో, పెయింటింగు, పోర్ట్రెయిటు, సినిమా, వీటిని ఒకరు డబ్బిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు చేయించుకున్నవాళ్లది. ఫొటోగ్రాఫర్లూ వినండి! పెళ్లి ఫొటోను మీ షాపు ముందు బోర్డు మీద పెట్టుకోవాలంటే వాళ్లు రాసివ్వాలి. కొటేషన్లో ఒక్క లైను చాలు. లోగో డిజైను మాత్రం రాసిచ్చేదాకా గీసినవాళ్లదే. 19వ సెక్షను ప్రకారం హక్కు ఇచ్చేది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. కాబట్టి అంగడి ఓనరుకు అది కూడా చెప్పండి: "చివరి రూపాయి వచ్చిన రోజు, శాశ్వతంగా మీ పేరు మీద రాసిస్తా." ఆ కాగితానికి విలువ ఉంది, రేటులో చూపించండి.

ఓపెన్ ఫైలు, అంటే కోరల్‌డ్రాలో మార్చుకోవడానికి వీలైన అసలు సీడీఆర్ ఫైలు, అడుగుతారు. "సీడీఆర్ ఇచ్చేయ్, మా పిల్లోడు మార్చుకుంటాడు." ఓపెన్ ఫైలు వేరే సరుకు, వేరే రేటు. ఇంకోటి మన తెలుగువాళ్ల గొడవ: అను ఫాంట్లలో, అంటే వెబ్‌సైట్లలో నేరుగా చదవడానికి రాని పాత తరహా తెలుగు ఫాంట్లలో, కొట్టిన బ్రోచరు. పార్టీ ఆర్నెల్ల తర్వాత వచ్చి "ఆ మ్యాటరే వెబ్‌సైటులో పెట్టు, కాపీ పేస్టే కదా" అంటారు. అక్కడ అతికిస్తే గీతలూ పిచ్చి గుర్తులూ వస్తాయి. అన్నిచోట్లా కనపడే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసి, ప్రూఫు దిద్దడం పేజీకి ఇంత అని ముందే ఒక లైను రాసి పెట్టుకోండి. ఆ లైను లేక ఎంతమంది రాత్రులు పాడుచేసుకున్నారో!

కరెక్షన్లు మూడు సార్లు. "సారి" అంటే ఏంటో కూడా రాయండి. వాళ్లు చెప్పాల్సినవన్నీ ఒకే మెసేజిలో పంపితే అది ఒక సారి. పొద్దున ఓనరు, మధ్యాహ్నం అన్న, రాత్రి వాళ్ల ఆడిటరు పంపితే మూడు సార్లు అయిపోయినట్టే. నాలుగోసారి నుంచి సగం రోజు రేటు. ప్రింటుకు ముందు "పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు చూసుకున్నాం, ఓకే" అని వాట్సాప్‌లో రాయించుకోండి. శుభలేఖలో పెళ్లికొడుకు తాతగారి పేరు తప్పు పడితే, అయిదు వందల కార్డులు ఎవరి లెక్కలో? ఆ మెసేజి ఉంటే వాళ్ల లెక్క, లేకపోతే మీది.

కొటేషన్ పెద్దగా అక్కర్లేదు, ఇట్లా పంపండి: "నమస్కారం సార్. మైదుకూరు పెళ్లి. రిసెప్షన్ సాయంత్రం 6 నుంచి మరుసటి రోజు పొద్దున 11 వరకు. ఇద్దరు ఫొటో, ఒకరు వీడియో. ఒక ఆల్బమ్, 40 షీట్లు. మొత్తం 65,000. బుకింగుకు 19,500, రిసెప్షన్ రోజు 32,500, డిజైను చూపించాక 13,000. 11 తర్వాత గంటకు 2,000 అదనం. ఈ రేటు 15 రోజుల వరకు." అంతే. అవతల నుంచి "సరే" వచ్చాకే క్యాలెండరులో రాసుకోండి.

కంపెనీలకు, కాలేజీలకు పని చేసేవాళ్లకు పన్నుల సంగతి. సర్వీసులకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. ఉంటే, మన పనులకు 18 శాతం, కొటేషన్లో "జీఎస్టీ అదనం" అని రాయకపోతే ఆ 18 మీ జేబులోంచే పోతుంది. తర్వాత టీడీఎస్, అంటే మీకు డబ్బిచ్చేవాళ్లు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. వృత్తి ఫీజుగా లెక్కిస్తే పది శాతం కోస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50 వేలు దాటితే, అంతకుముందు 30 వేలు. కోసింది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అయ్యే పన్ను. ఆదాయపు పన్ను పోర్టల్‌లో జమ అయిందో లేదో చూసుకుని, రిటర్ను వేసి, కట్టాల్సిన దానికంటే ఎక్కువైతే వెనక్కి తెచ్చుకోండి. రిటర్ను వేయక వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు మనలో.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేసుకోండి, ఉచితం. డబ్బు అడిగే ఏజెంట్ల దగ్గరికి పోవద్దు. దాంతో ఏమొస్తుంది? 2006 ఎంఎస్ఎంఈ చట్టం, అదే చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం కింద, రాత ఒప్పందం ఉన్నా కంపెనీ 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే "బ్యాంకు రేటు"కు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటి, మార్చి 31కి కూడా కట్టని బిల్లును వాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు, అందుకే మార్చి నెలలో వాళ్ల ఆడిటరే మీకు ఫోన్ చేస్తాడు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు, ఆ నంబరే మాట్లాడుతుంది.

పాత బాకీలు ఎంతకాలం వసూలు చేయొచ్చని చీటీ వచ్చింది. కోర్టుకు పోవాలంటే మామూలుగా మూడేళ్లు. మూడేళ్లలోపు వాళ్లు బాకీ ఉందని సంతకంతో రాసిచ్చినా, కొంత డబ్బు కట్టి రాసిచ్చినా, అక్కడి నుంచి మళ్లీ లెక్క మొదలు. కాబట్టి పాత బాకీ వాడు వెయ్యి ఇచ్చినా వద్దనకండి, తీసుకుని కాగితం మీద రాయించుకోండి.

ఇంకొక్కటి, చిన్నదే. బిల్లు మీద గడువు తేదీ వేసేముందు క్యాలెండరు చూడండి. మంగళవారం, శుక్రవారం చాలా ఇళ్లలో, అంగళ్లలో డబ్బు బయటికి ఇవ్వరు. అమావాస్య అంతకంటే ఇవ్వరు. శుక్రవారం గడువు వేసి, శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఫోన్ చేస్తే, డబ్బు రాదు సరికదా, మాట పడతారు. బుధవారమో గురువారమో వేయండి. ముందు రోజు ఒక మెసేజి, ఆ రోజు పొద్దున పదిన్నరకు ఫోను. అంగడి తెరిచి, పూజ అయి, మొదటి బేరం పడి ఉంటుంది అప్పటికి.

టీ వచ్చినట్టుంది. ఆ మూల పసుపు చొక్కా ఆయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, అడగండి సార్, మైకు అందించండి ఆయనకు.